తుపాకులకు నునుపు

షరీఫమ్మ నోరే తన కొంప ముంచిందని నయీము ఈరోజుకీ ఉదయగిరి బస్టాండులో కనిపించిన వాడికల్లా చెప్తాడు. వరసపెట్టి ఖాలా, అంటే పిన్నమ్మ, అని పిలుస్తాడు గానీ, ఆ రోజు ఆమె తన వాకిట్లో అతన్ని మూట కూడా దించనీయలేదు.

"ఏంది ఖాలా, పని తెస్తే మొహం తిప్పుకుంటుండావు?"

"గరిటెలు తే, చేస్తా. తుపాకులు చెయ్యను."

"నిజం తుపాకులా ఏంది? కొయ్యవే గదా. టీవీలో యుద్ధం చూసి పిలకాయలు ఒకటే అడుగుతుండారంట. నెల్లూరు ఎగ్జిబిషన్లో మంచి గిరాకీ ఉండాది."

ఆ వీధిలో మగవాళ్ళు బాడిసతో కొయ్య చెక్కుతారు. ఆడవాళ్ళు ఇళ్ళల్లో ఆకురాయి పట్టి, ఉప్పుకాగితం రుద్ది నునుపు తెస్తారు. వాళ్ళ చెయ్యి పడందే సరుకు బండెక్కదు. షావుకారు ఇచ్చిన అడ్వాన్సుకు నయీము సొంత డబ్బు కూడా కలిపి నర్ది కొయ్య కొన్నాడు, మూరెడేసి తుపాకులు చెక్కించినాడు. ముందు సన్నటి గొట్టం, వెనక భుజానికి ఆనించుకునే వెడల్పాటి చెక్క. ఆదివారం నెల్లూరు నుంచి షావుకారు రాజమోహన్ వ్యాను వస్తుంది. అప్పటికి నునుపు కాకపోతే నయీము మునిగినట్టే.

మేకల్ని తోలుకొస్తున్న ఆదిశేషమ్మ ఆగింది. ఎదురింటి మెహతాబ్ గడపలోకొచ్చింది. ఇంకో మూట నెత్తిన పెట్టుకొని నయీము వెనకాలే వచ్చిన అతని పెళ్ళాం సాయిరా, మూట దించకుండా అట్లానే నిలబడింది.

"ఆసిఫ్ సంగతి మనసులో పెట్టుకొని మాట్లాడుతుండావు ఖాలా," అన్నాడు నయీము.

ఆసిఫ్ ఆమె కొడుకు. అరబ్బు దేశంలో డ్రైవరు. ఎవరి యుద్ధమో ఏమో, రోడ్డు మీద పోతున్న వాడి బండి మీద క్షిపణి పడింది. పెట్టె వచ్చింది గానీ, మూత తియ్యొద్దన్నారు.

"పెట్టుకోక? ఎక్కడ పెట్టుకోమంటావు?"

"అది అల్లా రాత. యుద్ధం తెచ్చేదీ పైవాడే, తీసుకుపోయేదీ పైవాడే. మన చేతిలో ఏముండాది?"

"పైవాడి మీదికి తొయ్యబాకరా. కొండమీద నర్ది చెట్టు ఎవురిచ్చినారు?"

"అల్లా."

"కొమ్మకి తుపాకులు కాసినాయా?"

మెహతాబ్ కిసుక్కున నవ్వింది. నయీముకు ఒళ్ళు మండింది.

"పెద్ద పెద్దోళ్ళు కొట్లాడుకుంటే, కూలికి బతికేవాళ్ళం మనమేం చేస్తాం?"

"అదేరా నేను చెప్పేది. నా బిడ్డ మీద పడింది కూడా గరుకు గరుగ్గా ఎగిరి రాలేదు. దానికీ ఎవురో నునుపు పట్టే ఉంటారు. నా మాదిరి ఆడదే అయ్యుంటాది. పొయ్యి వెలగాల గదా, కూలికి చేసుంటాది. ఇది ఎక్కడికి పోతుందని అడిగుండదు పాపం. నేను అడుగుతుండా."

నయీము తన మూట వీధిలోనే ధబ్బున దించినాడు.

"సరే, నువ్వు కూచో," అన్నాడు నయీము. "ఉదయగిరిలో ఆకురాయి పట్టేది నువ్వొక్కదానివేనా?"

అక్కడే మూట విప్పి, ఇంటినుంచి ఇంకా తెప్పించి పంచినాడు. ఆదిశేషమ్మ తీసుకుంది. మెహతాబ్ తీసుకుంది. వీధి వీధంతా తీసుకుంది. వద్దన్న మనిషి లేదు. నెత్తిమీది పెద్ద మూట సాయిరా ఇంటికే మోసుకుపోయింది. చూసినావా అన్నట్టు నయీము షరీఫమ్మ వైపు తిరిగినాడు. ఆమె చాట ముందేసుకొని బియ్యంలో రాళ్ళేరుకుంటా ఉంది.

మర్నాటి నుంచి వీధంతా ఆకురాళ్ళ మోత. నిజానికి చెక్కిన సరుకుకి, కొయ్యను అరగదీసే ఆకురాయి నాలుగుసార్లు ఆడిస్తే చాలు, మిగతాదంతా ఉప్పుకాగితం పనే. ఇంతసేపు ఎందుకు రాకుతున్నారని పనితెలిసిన నయీముకు అనుమానం రావలసింది. రాలేదు. శ్రద్ధ అనుకున్నాడు. సాయిరా అయితే వంటింటి తలుపేసుకొని మరీ కూచుంది.

"పొట్టు ఎగురుతాది, నీకు దగ్గొస్తాది," అంది లోపల్నుంచి.

పెళ్ళామంటే ఇట్లా ఉండాలనుకున్నాడు. పనిగట్టుకొని షరీఫమ్మ వాకిలి ముందునుంచి నడిచినాడు.

"వింటుండావా ఖాలా? అందరికీ కడుపులుండాయి."

"వింటుండా నాయనా," అంది ఆమె.

ఆదివారం వ్యాను వచ్చింది. మూతులు కట్టిన మూటలు వరసగా నిలబెట్టినారు. వెనకాల ఆడవాళ్ళు. రాజమోహన్ ఒక మూట మీద చెయ్యేయబోతే నయీము ఆపినాడు.

"ముందు మా ఇంటి మూట చూడండి సార్. మా ఆమె తెచ్చే నునుపు ఇక్కణ్ణుంచి ఆత్మకూరు దాకా ఎవురూ తేలేరు."

రాజమోహన్ ముడి విప్పి చెయ్యి పెట్టినాడు. చేతిలోకి అట్లకాడ వచ్చింది.

మళ్ళీ పెట్టినాడు. ఇంకో అట్లకాడ. తుపాకీ గొట్టం పిడి అయింది. భుజానికి ఆనించుకునే చెక్క అరిగి అరిగి, దోసె కిందికి దూరేంత పలచన అయింది. నయీము పరిగెత్తి ఆదిశేషమ్మ మూట విప్పినాడు. మెహతాబ్ మూట కుమ్మరించినాడు. అన్నీ అట్లకాడలే.

"ఏందే ఇది?" అని సాయిరా మీదికి పోయినాడు.

సాయిరా తల దించలేదు.

"మన చేతిలో ఏముండాదని నువ్వే అంటివి గదా. చూసుకున్నా. ఆకురాయి ఉండె."

రాజమోహన్ అడ్వాన్సు వాపసియ్యమని కేకలేస్తానే, తనకు తెలియకుండానే అట్లకాడ అంచు బొటనవేలితో తడిమినాడు. కేకలు ఆగినాయి.

"ఎవురయ్యా ఇంత నున్నగా చేసింది?"

"మా ఇంటామె సార్!"

నయీము నాలుక కరుచుకునేలోపే ఆ మాట, ఎక్కడలేని గర్వంతో, బయటికి వచ్చేసింది.

బస్టాండులో ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పడు. పోయింది ఇరవై ఒక్కవేల మూడువందలని చెప్తాడు.