సిలువ గుర్తు తలుపు

“కోర్టు వాపసియ్యమన్నది. ఇగో గౌరవ్వా, నీ తలుపు!” అంటూ సహకార బ్యాంకు ఆఫీసరు చక్రధర్ ట్రాలీ ఆటో దిగాడు.

అప్పు కట్టలేదని దాన్ని పీక్కుపోయింది అతనే. గౌరవ్వ పళ్లు కొరుకుతూ దగ్గరికి వెళ్లింది. తలుపు మీద తను పెట్టిన పసుపు బొట్లు లేవు. తెల్ల రంగుతో గీసిన సిలువ ఉంది.

“ఇది నాది కాదు. మా వాడకట్టు సాలవ్వది.”

“అన్నీ ఒక్కతాన పడేసినం. తారుమారైంది. తీస్కపోయి నీది తెస్త.”

“తీస్కపోతవా? ఆమె దర్వాజకు చీర కట్టుకొని పండుకుంటున్నది!”

“ఆమె కోర్టుకు పోలే గదా.”

గౌరవ్వ ఆటో ఎక్కి, తలుపు పట్టుకుని కూర్చుంది.

“సాలవ్వ ఇంటికి తోలు. బిగిస్తె సరే. లేకుంటే ఆమెను గూడ ఎక్కించుకొని, ఈ తలుపుతోటే కామారెడ్డి కోర్టుకు పోతం.”