క్లచ్ ప్లేటు పంచాయితీ

"ఇది నీ కాలి చలవే," అంటూ పెద్దవాడు మాడి నల్లబడిన క్లచ్ ప్లేటుని తమ్ముడి ముక్కు దగ్గర ఆడించాడు.

"మరి ఇది ఎవరి కాలి చలవో?" తమ్ముడు వంగి, రివెట్ల దాకా అరిగిపోయిన బ్రేకు షూ తీసి అన్న కళ్ళముందు పెట్టాడు.

ఇద్దరి మధ్యా ట్రాక్టర్ రెండు ముక్కలై ఉంది. ఆ పాతకాలపు బండికి క్లచ్ మార్చాలంటే నడుము దగ్గర విప్పాల్సిందే. ఇంజనూ ముందు చక్రాలూ షెడ్డు గుమ్మం వైపు, సీటూ పెడల్సూ పెద్ద చక్రాలూ గోడ వైపు, మధ్యలో మనిషి పట్టేంత సందు. ఆ సందులో స్టూలు వేసుకుని మేస్త్రి కూర్చున్నాడు. ఆ బండికి పార్టులు దొరకడం మానేసి చాలా ఏళ్ళయింది. ప్లేటుకీ షూలకీ పైన అరిగే పొర, ఆ లైనింగు, తనే కొత్తది కోసి, రంధ్రాలు వేసి, రివెట్లు కొట్టాలి. అన్నదమ్ములు కదిలితే పని మొదలుపెడదామని పొద్దుట్నుంచీ చూస్తున్నాడు. వాళ్ళు కదిలే రకంలా లేరు.

వాళ్ళమ్మ గుమ్మం పక్కన పాత టైరు మీద కూర్చుంది. వచ్చినప్పట్నుంచీ ఆవిడ నోరు విప్పలేదు.

"బాబాయ్, నువ్వే తేల్చు," అన్నాడు పెద్దవాడు మేస్త్రితో. "ఈ బండి సంగతి మాకంటే నీకే బాగా తెలుసు. పాడుచేసినవాడు ఇక స్టీరింగు ముట్టకూడదు."

"అదొక్కటే చాలదు," అన్నాడు తమ్ముడు. "వేరుపడిపోదాం. ఇల్లూ పొలమూ చెరిసగం. బండి మాత్రం తప్పు చెయ్యనివాడికి."

"సరే."

"సరే అంటే సరే."

వాళ్ళిద్దరూ ఒక మాట మీదకి అంత త్వరగా రావడం మేస్త్రి ఎప్పుడూ చూడలేదు.

"వదినా, నువ్వైనా చెప్పు," అన్నాడు ఆవిడతో.

"నేనేం చెప్తాను? నువ్వే చూడు," అని ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది.

మేస్త్రి ప్లేటునీ షూనీ పక్కపక్కన పెట్టి వెలుతుర్లో తిప్పి చూశాడు. రెండు జబ్బులు కావు, ఒక్కటే. ఎవరో క్లచ్ సగమే తొక్కుతున్నారు. ఇంజను ముందుకి లాగుతూనే ఉంటే బ్రేకు మీద బలమంతా పెట్టి నిలబడుతున్నారు. అటు ప్లేటు మాడింది, ఇటు షూలు అరిగాయి.

"సీటెక్కు," అన్నాడు పెద్దవాడితో. "రోజూ తొక్కినట్టే తొక్కు."

పెద్దవాడు సగం ట్రాక్టర్ ఎక్కి క్లచ్ అడుగంటా తొక్కాడు. దిగాక తమ్ముడు ఎక్కాడు. అతనూ అడుగంటా తొక్కి, "చూసుకో" అన్నట్టు అన్న వైపు చూశాడు. మేస్త్రి మూడేసిసార్లు తొక్కించాడు. తేడా లేదు. ఇద్దరి కాళ్ళూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి.

"మీ ఇద్దరూ కాదు," అన్నాడు.

"అంటే? దానంతట అదే అరిగిందా?"

"బాబాయ్ నిన్ను వెనకేసుకొస్తున్నాడు."

"నన్నా? నిన్నే!"

మాటలు ముదిరాయి. ఇంటికి అడ్డగోడ ఎక్కడ కట్టాలో పెద్దవాడు చెప్పాడు. బావి తన వైపు రావాలన్నాడు చిన్నవాడు. అమ్మ ఎవరి దగ్గరుంటుందన్న మాట వచ్చేసరికి ఇద్దరూ ఒకేసారి "నా దగ్గరే" అన్నారు. దాని మీద ఇంకో తగువు మొదలైంది.

నలభై ఏళ్ళలో మేస్త్రి పనికి వంక పెట్టినవాడు లేడు. అతను బిగించింది మళ్ళీ విప్పే పని ఉండదని పేరు. ఆ పేరుని ఓసారి తలుచుకుని, గుడ్డతో చేతులు తుడుచుకుని లేచాడు.

"తప్పు నాది," అన్నాడు.

ఇద్దరూ గిరుక్కున తిరిగారు.

"పోయినసారి బిగించినప్పుడు పెడల్‌కి ఆట వదలడం, అదే కాస్త వదులు ఉంచడం, మర్చిపోయాను. దాంతో ప్లేటు మాడింది. దాని దెబ్బే బ్రేకులకీ తగిలింది."



"నిన్ను ఎంత నమ్మాం బాబాయ్," అన్నాడు పెద్దవాడు.

"నీ చేతకానితనానికి మేం అన్నదమ్ములం కొట్టుకు చావాలా?" అన్నాడు చిన్నవాడు.

"పదరా. ఈ పని అయ్యాక మళ్ళీ ఈ గుమ్మం తొక్కితే ఒట్టు."

"పద అన్నయ్యా."

ఇద్దరూ ఒకే మోటార్ సైకిల్ ఎక్కారు. తమ్ముడు నడిపాడు. వెనక అన్న అతని భుజం మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. మలుపు తిరిగేదాకా మేస్త్రిని తిడుతూనే ఉన్నారు. అమ్మని తీసుకెళ్ళాలని ఇద్దరిలో ఒక్కరికీ గుర్తురాలేదు.

మేస్త్రి సుత్తి చేతిలోకి తీసుకున్నాడు, మళ్ళీ కింద పెట్టేశాడు. ఆవిడ లేచి, కుండలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచి తెచ్చి ఇచ్చింది.

"నా ఇల్లు నిలబెట్టావు. నీ పేరు పోయింది," అంది.

"పోతే పోనీ వదినా. బండి రెండు ముక్కలైతే కలపగలను. కొంపలు కలపడం నాకు రాదు."

"నిజంగానే ఆట వదల్లేదా?"

"ఎందుకు వదల్లేదూ? స్కేలు పెట్టి మరీ చూసుకున్నాను."

ఆవిడ తలూపింది. వెనక ముక్క చుట్టూ ఓసారి తిరిగి వచ్చి, పెడల్ వంక చూసి, రోడ్డు మీద ఎవరూ లేరని నిర్ధారించుకుని గొంతు తగ్గించింది.

"ఈసారి బిగించేటప్పుడు ఆ సీటు నాలుగంగుళాలు ముందుకి జరుపు మేస్త్రీ. వాళ్ళిద్దరూ ఊళ్ళో లేనప్పుడు దున్నుదామని కూర్చుంటే, నా కాలికి క్లచ్ సగం దాకానే అందుతోంది."