పాయింట్లు లేని ఆటగాడు

"ఇదిగో, మళ్ళీ చూడండి. బంతి చేతిలోకి వచ్చింది, ఎదురుగా ఎవరూ లేరు. బుట్టలో వెయ్యొచ్చుగా? వెయ్యడు. నిప్పు తాకినట్టు పక్కవాడి చేతిలో పెట్టేశాడు," అంటూ డైరెక్టర్ కెస్తుతిస్ టీవీలో ఆట ఆపాడు.

తెర మీద యోకూబస్ సన్నటి భుజాలు ముందుకు వంచి, నోరు తెరుచుకుని అలాగే నిలిచిపోయాడు. నియోలె ఒళ్ళో ఉన్న ఉన్ని టోపీని మెలిపెడుతోంది. పొద్దుట్నుంచి ఆవిడ గొంతులోకి కాఫీ చుక్క కూడా దిగలేదు.

లిథువేనియాలో ఆ చిన్న ఊళ్ళో ఆదివారం చర్చిలో చోటు దొరుకుతుంది గానీ బాస్కెట్‌బాల్ ఆటకి దొరకదు. అందుకే అక్కడ ఒక పద్ధతి ఉంది. ఆటగాణ్ణి ఉంచుకోవాలా పంపెయ్యాలా అన్న మాట వస్తే డైరెక్టర్‌కి ఒక ఓటు, కోచ్‌కి ఒక ఓటు, డప్పులు కొట్టి గొంతులు పోగొట్టుకునే అభిమానుల తరఫున ఇంకొకటి. ఆ మూడో ఓటు నియోలెది. ఇన్నాళ్ళూ ఆవిడ కోచ్ చెయ్యెత్తితే ఎత్తేది, దించితే దించేది. ఇవాళే పొద్దున్నే వచ్చి, క్లబ్బు ఆఫీసు తలుపు తియ్యకముందే బయట కాచుక్కూర్చుంది. యోకూబస్‌ని తమకిచ్చెయ్యమని పక్క దేశం లాత్వియా నుంచి రీగా జట్టువాళ్ళు అడిగారు. మధ్యాహ్నంలోగా జవాబు చెప్పాలి.

కోచ్ రిమాస్ మాత్రం కుర్రాణ్ణి వదలనంటున్నాడు. వాడు ఆడేది కాసేపే. ఆ కాసేపూ అవతలి జట్టులో మేటివాడికి ఊపిరాడదు. మనవాళ్ళకి దారి చేసేది వాడే, కొండల్లాంటివాళ్ళు దూసుకొస్తుంటే ఎదురు నిలబడి వెల్లకిలా పడేదీ వాడే. వాడు ఆటలో ఉన్నంతసేపూ మనం ముందుంటున్నాం, వచ్చి బెంచీ మీద కూర్చున్నాడంటే వెనకబడుతున్నాం.

"ఉప్పులాంటివాడు. లేనినాడు గానీ తెలీదు," అన్నాడు రిమాస్.

"ఉప్పుని చూడ్డానికి ఎవడూ టికెట్ కొనడు," అన్నాడు కెస్తుతిస్.

మళ్ళీ ఆట నడిపించాడు. బంతి గీత దాటి పోతోంది. యోకూబస్, కెప్టెన్ వైదాస్, అవతలి జట్టులో ఒక భారీ మనిషి ముగ్గురూ ఒక్కసారే దూకారు. చెక్కనేల దద్దరిల్లింది. నియోలె కళ్ళు గట్టిగా మూసుకుంది. ఇక లేవడు. ఈసారి లేవడు. ఆవిడకి ప్రతిసారీ అలాగే అనిపిస్తుంది, అంబులెన్సు తలుపులు తెరుచుకోవడం కూడా కళ్ళకి కడుతుంది. కళ్ళు తెరిచేసరికి అందరూ లేచి పరిగెడుతున్నారు.

రిమాస్ లేచి ఆవిడకి మంచినీళ్ళిచ్చాడు. తర్వాత అసలు మాట బయటపెట్టాడు. కుర్రాణ్ణి ఉంచితే అరకొరగా వాడుకోవడం కుదరదు. వచ్చే ఆట నుంచి మొదటి అయిదుగురిలో దిగాలి, వైదాస్ స్థానంలో.

కెస్తుతిస్ నవ్వాడు, కానీ మొహం ఎర్రబడింది. "బేకరీలో మేరీమాత పటం పక్కన వేలాడేది వైదాస్ ఫోటో. వాణ్ణి బెంచీ మీద కూర్చోబెడతావా? తనంతట తను దిగడు. దించే మొనగాడు ఈ ఊళ్ళో పుట్టలేదు."

ఆ తర్వాత నియోలె వైపు తిరిగి గొంతు మెత్తగా చేసుకున్నాడు. "నియోలె గారూ, మీ పరిస్థితి మాకు తెలుసు. ఈ ఒక్కసారికి ఓటు వెయ్యకుండా తప్పుకోండి. ఎవరూ ఏమీ అనుకోరు."

ఓట్లు సమానమైతే డైరెక్టర్ మాటే చెల్లుతుంది. అది ఆయనకీ తెలుసు, ఆవిడకీ తెలుసు. కుర్రాడు సంచీ భుజాన వేసుకుని రీగా బస్సెక్కడం ఆవిడ కళ్ళముందు కదిలింది. వాడు వెళ్ళిపోయాడా, ఇక తనకి కంటిమీద కునుకుండదు. ఫోన్ మోగితే ఎత్తడానికి చెయ్యి రాదు.

"తప్పుకోను," అంది. "పిల్లాడు ఉండాలి. ఉండటమే కాదు, వైదాస్ చోట ఆడాలి."

"మీరా ఈ మాట అనేది?" అన్నాడు కెస్తుతిస్.

"నేనే. వైదాస్ కాళ్ళలో పస అయిపోయింది. డిఫెన్స్‌కి వెనక్కి రాలేకపోతున్నాడు. పైవరసలో కూర్చునే ముసలాళ్ళకి కూడా కనబడుతోంది, మీకు కనబడటంలా?"

అది పచ్చి అబద్ధం. మొన్నటి ఆటని ఒంటిచేత్తో గెలిపించింది వైదాసే. ఆ సంగతి గదిలో ముగ్గురికీ తెలుసు. అయినా ఆవిడ చూపు తిప్పుకోలేదు.

రేపట్నుంచి ఊరు ఊరంతా ఆవిడ మొహం మీదే తిడుతుందనీ, రొట్టెల కొట్లో కూడా పలకరించేవాళ్ళుండరనీ కెస్తుతిస్ హెచ్చరించాడు.

"తిట్టనీండి. తిట్లకి ఎవరూ చావరు," అంది నియోలె.

రిమాస్ చెయ్యెత్తాడు. ఆవిడా ఎత్తింది. కెస్తుతిస్ కాసేపు ఆ రెండు చేతుల వంకా చూసి, టీవీ ఆపేసి, రీగాకి ఫోన్ చేసి కుదరదని చెప్పేశాడు.

రిమాస్, నియోలె బయటికి వచ్చేసరికి నడవాలో వైదాస్ గోడకి ఆనుకుని ఎదురుచూస్తున్నాడు. సాధన చేసి స్నానం చేసి వచ్చినట్టున్నాడు, జుట్టు ఇంకా తడిగా ఉంది. రిమాస్ అతని భుజం మీద చెయ్యేసి, వచ్చే ఆట నుంచి అతని చోట ఎవరు ఆడతారో, ఎవరి ఓటుతో ఆ నిర్ణయం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పి వెళ్ళిపోయాడు. వైదాస్ మొహంలో నెత్తురు చుక్క లేదు. నియోలె వైపు తిరిగాడు. ఆవిడ తలదించుకుంది. అతను అటూ ఇటూ చూసి, నడవాలో ఎవరూ లేరని రూఢి చేసుకుని దగ్గరికి వచ్చాడు.

"నా తలకి ఇంకో దెబ్బ తగిలితే కష్టమని డాక్టరు అన్న సంగతి వాళ్ళకి చెప్పలేదు కదమ్మా?" అని అడిగాడు ఆవిడ కొడుకు.