ఫోటోపిల్ల

ఆమె ఒక కోటుకు పాడైన జిప్పు ఊడదీస్తుండగా ఒక పెద్దాయన కుట్టు కొట్లోకి వచ్చాడు.

చేతిలో కుట్టించుకోవడానికి బట్టలేమీ లేవు. తడిసిన గొడుగు బయట ఆనించి గుమ్మంలోనే నిలబడ్డాడు.

ఏం కావాలండీ అంది ఆమె, తలెత్తకుండానే.

"నీతో ఒక మాట చెప్పి వెళ్దామని వచ్చానమ్మా. ఆ ఫోటో తీసింది నేనే."

ఏ ఫోటో అని ఆమె అడగలేదు. అడగక్కర్లేదు.

ఆమెకు ఆరేళ్లప్పుడు, వాళ్లుంటున్న ఐదంతస్తుల ఇల్లు ఒక మధ్యాహ్నం ఉన్నపాటున కూలిపోయింది. మొహమంతా దుమ్ము, రెండు కళ్లు మాత్రం మెరుస్తున్న పిల్ల ఫోటో పత్రికలన్నిట్లో వచ్చింది. దానికి పెద్ద బహుమతి వచ్చింది. చివరికి పాఠ్యపుస్తకంలోకీ ఎక్కింది. టీచరు ఆ పేజీ తియ్యమన్న రోజు క్లాసు క్లాసంతా వెనక్కి తిరిగి ఆమెనే చూసింది. అప్పటినుంచి ఆమె పేరు ఫోటోపిల్ల. పెళ్లయి ఇద్దరు పిల్లల తల్లయినా వీధిలో ఆ పేరు వదల్లేదు.

ఫోటోలో ఒక మూల ఇంకో చెయ్యి కనిపిస్తుంది. అది వాళ్లమ్మది. అప్పటికే అందులో ప్రాణం లేదు.

ఆమెకు గుర్తున్నది ఒక్కటే. చిమ్మచీకట్లో కళ్లు బైర్లు కమ్మేలా ఒక తెల్లటి వెలుగు. మిగతాదంతా పెంచిన మేనత్త చెప్పిందే. పసిదాని ప్రాణం పోతుంటే చెయ్యందించకుండా బొమ్మ తీసుకున్నాడే, వాడూ ఒక మనిషేనా అని మేనత్త తిట్టని రోజు లేదు. అన్నంతోపాటు ఆ మాటా తింటూ పెరిగింది ఆమె.

పెద్దాయన నెమ్మదిగా విషయం చెప్పాడు. తన పాత ఫోటోలన్నీ కలిపి ఎవరో ప్రదర్శన పెడుతున్నారట. ఇంకో పది రోజుల్లో మొదలట. ఇన్నేళ్లూ ఆమెను అడక్కుండానే అందరూ వాడుకున్నారు, ఈసారైనా అడగాలనిపించిందట.

ఆమె కత్తెర పక్కన పెట్టింది. ఈ మనిషి ఎదురుపడితే ఏమనాలో ఎన్నేళ్లుగానో కూడబెట్టుకుంది. అమ్మ శవాన్ని ఊరందరికీ చూపించారంది. బళ్లో ఏడ్చిన ఏడుపుల లెక్క చెప్పింది. ఆయన తల వంచుకుని అన్నీ విన్నాడు.

"కెమెరా పట్టుకున్న చేత్తో నన్ను పట్టుకుని లాగాలనిపించలేదా మీకు?" అంది చివరికి.

"ఆ రోజు అక్కడ..." అని మొదలుపెట్టి, ఎవరికో మాటిచ్చినవాడిలా ఆయన ఆగిపోయాడు.

"చెప్పండి."

"ఏం లేదమ్మా. నీకిష్టం లేకపోతే తీసేస్తాను."

"తీసెయ్యండి. ఇంకెక్కడా అది నాకు కనిపించకూడదు."

అలాగేనని గొడుగు తీసుకున్నాడు. మెట్టు మీద దగ్గు తెర వచ్చి, గోడ పట్టుకుని కాసేపు ఆగాడు. ఆమె చూసింది. చూసి మిషను తొక్కడం మొదలుపెట్టింది.

ఇన్నాళ్లకు గుండెల మీద బరువు దిగిందని సాయంత్రం మొగుడితో చెప్పింది.

మూడు వారాలకు ఆయన పోయాడని పేపర్లో చదివింది. పోతే పోయాడు అనుకుంది గానీ, ఆ పూట కుట్టినదంతా విప్పి మళ్లీ కుట్టాల్సి వచ్చింది.

ఆ మర్నాడే ఇంకో ముసలాయన వచ్చాడు. మొద్దుబారిన చేతులు, సరిగా వినపడని చెవులు. ప్రదర్శనలో ఒక చోట గోడ ఖాళీగా ఉందట. ఫోటోలోని మనిషి కోరిక మీద తీసేశామని కింద చీటీ ఉందట. ఆ చీటీ చదివాక మనసు ఊరుకోక, ఫోటోపిల్ల కొట్టెక్కడని అడుగుతూ వచ్చానన్నాడు.

అప్పట్లో ఆయన శిథిలాలు ఎత్తిపోసే పెద్ద మిషను నడిపేవాడు.

రెండో రోజుకల్లా లోపల ఎవరూ బతికిలేరని పైవాళ్లు తేల్చేశారట. ఎత్తెయ్యమన్నారట. అంతలో ఆ ఫోటోలాయన మిషనుకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడట. లోపల పిల్ల మూలుగు వినిపించిందన్నాడట. ఎవరూ నమ్మలేదట.

"నేనూ నమ్మలేదమ్మా. తప్పుకోమని బూతులు తిట్టాను."

మరి ఆయన నాతో ఎందుకు చెప్పలేదని ఆమె అడిగింది.



"చెప్పొద్దని నేనే ఆయన కాళ్లు పట్టుకున్నాను. ఆయన ఆపమని అరుస్తున్నా వినకుండా అప్పటికే ఒకసారి ఎత్తి పోసేశాను. అది బయటపడితే నా ఉద్యోగం పోతుంది, ఇంట్లో నలుగురు పిల్లలు. ఎవరికీ చెప్పనన్నాడు. చెప్పలేదు."

అయినా ఇన్నేళ్ల కోపం అంత తేలిగ్గా వదిలేదా?

"మిషను ఆపాడు, సరే. ఆ సమయంలో ఫోటో తియ్యడానికి మనసెలా ఒప్పింది?"

"నీ దగ్గరికి మనిషి దూరే దారి లేదమ్మా, చెయ్యి పట్టేంత సందు ఒక్కటే ఉంది. బోర్లా పడుకుని, కెమెరా పట్టుకున్న చెయ్యి భుజం దాకా లోపల పెట్టి, గుడ్డిగా బటన్ నొక్కాడు. లేచి పరుగెత్తుకొచ్చి కెమెరా వెనక చిన్న తెర మీద పడ్డ బొమ్మ నా మొహం ముందు పెట్టాడు."

ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు.

"ఆ ఫోటో ఆయన పేపరు కోసం తియ్యలేదమ్మా, నువ్వు బతికే ఉన్నావని నాకు చూపించడానికి తీశాడు."