జిగట తెలిసిన చెయ్యి

చెరకు క్రషర్‌లో చేతులు పోయినవాళ్లకు ఇప్పుడు యంత్రపు చేతులున్నాయి. నా కుడిచెయ్యి అలాంటిదే. దాని ఆపరేటింగ్ సిస్టమ్‌లో పట్టు ఉంది, వేడి ఉంది, బెల్లం జిగట మాత్రం లేదు. కొనేవాళ్లు తక్కువని కంపెనీ పెట్టలేదు. గిల్లి చూసి బెల్లం రకం పట్టి కొనే నాలాంటి అనకాపల్లి వర్తకుడికి అంతకన్నా నష్టం లేదు. ఎడమచేతికి ఆ నేర్పు రాలేదు.

ఓపెన్ సోర్స్ మేలా, కంపెనీ సిస్టమ్ మేలా అని మా అమ్మాయి హిమజ కాలేజీలో ప్రజెంటేషన్ ఇవ్వాలి.

“నీ చేతికి ఓపెన్ సోర్స్ ఎక్కించి చూపిస్తాను నాన్నా. కంపెనీ గ్యారంటీ పోద్ది. తేడా వస్తే చెయ్యి మరి పనిచెయ్యదు.”

“మార్కులకి నా చెయ్యే దొరికిందేటే?” అన్నాను. లాభనష్టాలు బేరీజు వేసుకుని చెయ్యి చాపాను.

గంట తర్వాత బెల్లం దిమ్మ గిల్లాను. వేళ్లకు జిగట తెలిసింది. ఇంకోసారి గిల్లి చూశాను.

“ఎవరు రాసేరే ఇది?”

“బందరులో హల్వా చేసే ఆవిడంట. ఆవిడదీ ఇలాంటి చెయ్యేనంట. ఊరికే ఇచ్చేసింది. బెల్లం రకాలు తెలిసినోళ్లు కలపమంది.”

గిల్లి రకం పట్టే కిటుకు సొంత తమ్ముడికి కూడా నేను చెప్పలేదు. ఆ సాయంత్రం పదకొండు రకాలు ముందు పెట్టుకుని గిల్లుతూ, హిమజ చేత అన్నీ అందులో చేర్పించాను. రేపటి నుంచి మార్కెట్‌లో అలాంటి చెయ్యి ఉన్న ప్రతివాడూ రకం పట్టడంలో నాకు సమానమే. ఆ బందరు ఆవిడకు బదులుగా నేను ఇవ్వగలిగింది అదే.