డబ్బా తెరువు బిడ్డా

"డబ్బా తెరువు బిడ్డా, నీకు పుణ్యముంటది!"

సోమన్న ఆ మాట అనడం ఎన్నోసారో. రాజేశ్ కంప్యూటర్ ముందు కూర్చుని మళ్లీ ఫోల్డర్ మీద నొక్కాడు. తెర మీద అదే ఇంగ్లీషు ముక్క, పక్కన అదే ఎర్ర గుర్తు.

"ఏమంటాంది?" అని వెనక నుంచి తండ్రి చెన్నయ్య గద్దించాడు.

"లోపలికి రానిస్తలేదు బాపూ."

రామన్నపేట పక్కన ఆ ఊళ్లో చెన్నయ్యదే పెద్ద మంద. అందులో పెద్దగట్టు జాతరకు మొక్కిన పొట్టేలు తెల్లారేసరికి దొడ్డిలో లేదు. ముట్టుకుంటే కళ్లు పోతాయని ఊరంతా భయపడే మొక్కు పొట్టేలు! తాళం పగలలేదు. తాళం చెవి ఒకటి ఇంట్లో మేకుకు వేలాడుతుంది, ఇంకొకటి మందను మేపే సోమన్న మొలతాడుకు ఉంటుంది. ఇంటివాళ్లు ఇంటి పొట్టేలును ఎత్తుకుపోతారా ఎక్కడన్నా? ఇక చెప్పేదేముంది, వేళ్లన్నీ సోమన్న వైపే లేచాయి. ఎండనకా వాననకా ఆ మంద వెంట తిరిగి తల నెరిసిన మనిషి ఒక్క పూటలో దొంగైపోయాడు.

"కెమెరా కింద నిలవడి దొంగతనం జేస్తనా అన్నా?" అని మొత్తుకున్నాడు సోమన్న. "ఎవరు తీసిండ్రో అండ్ల ఉంటది గదా. జర చూడుండ్రి."

నిజమే, దొడ్డి మీద కెమెరా ఉంది. అది చూసినదంతా మేడ మీద గదిలో ఉన్న స్టోరేజీ డబ్బాలోకి పోతుంది. ఇంట్లోవాళ్ల ఫొటోలూ పెళ్లి వీడియోలూ కూడా అందులోనే. కింద ఉన్న ఈ కంప్యూటర్‌లోంచి దాన్ని తెరిచి చూసుకోవచ్చు. రోజూ తెరుచుకునేదే. మనిషి బతుకు దాని మీద ఆధారపడ్డ రోజే మొండికేసింది.

"మా ఇంట్ల కెమెరా ఫోన్లనే కనవడ్తది గదరా," అన్నాడు రామచంద్రయ్య. తగువు తీర్చడానికి పిలిపించిన పెద్దమనిషి ఆయన.

"మనది ఫోనుకు కలపలే పెదనాయినా. అంతా డబ్బాలనే."

రాజేశ్ రౌటర్ ఆపి మళ్లీ వేశాడు. వైరు పీకి, ఊది, మళ్లీ గుచ్చాడు. మేడెక్కి చూసొచ్చాడు. డబ్బా లైటు పచ్చగా వెలుగుతూనే ఉంది. కెమెరాలు బిగించిన నవీన్‌కుమార్‌కు ఫోన్ చేశాడు. "ఆఁ అన్నా, అదీ చేసిన... అదీ అయింది... రేపటికి గాని రావా?" అని నీరసంగా పెట్టేశాడు. కంప్యూటర్ ఆపి తెరిచినా అదే ఎర్ర గుర్తు. ఫ్యాను కింద కూర్చున్నా అతని చొక్కా తడిసి ముద్దయింది.

"కొత్త ఫోను కొనియ్యలేదని మొన్నటి సంది మూతి ముడుసుకున్నవ్," అని చెన్నయ్య ఎత్తిపొడిచాడు. "గంత సదువు సదివి గీ డబ్బా తెరువరాదా నీకు?"

"సోమన్న కాక తీసుండడు బాపూ. ఇడిసిపెట్టుండ్రి." అన్నాడు రాజేశ్. ఆ గదిలో సోమన్న పక్షాన లేచిన నోరు అదొక్కటే.

"తియ్యలేదని నువ్వు జూసినవారా?"

రాజేశ్ తల దించుకున్నాడు.

రామచంద్రయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "మిషను జెప్పకపాయె. ఇగ మనిషే జెప్పాలె. సోమన్నా, నీ బిడ్డ తల మీద చెయ్యి వెట్టి ప్రమాణం జెయ్యి. నమ్ముతం."

గడప దగ్గర నిలబడ్డ సోమన్న భార్య బాలనర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "మాకు బిడ్డలేడున్నరు పెద్దయ్యా?"

"ఎందుకు లేడే!" అన్నాడు సోమన్న. గబగబా వచ్చి రాజేశ్ నెత్తిన అరచెయ్యి పెట్టాడు. చిన్నప్పుడు ఆ పిల్లవాణ్ని భుజాల మీద ఎక్కించుకుని మంద వెంట తిప్పింది అతనే. గొర్రెపాలు నురుగుతో తాగించిందీ అతనే. "గీ పిలగాని మీద ఒట్టు. నేను..."

"చెయ్యి తియ్!" రాజేశ్ తల్లి గుర్వమ్మ కేక పెట్టింది. మధ్యలో దూరి ఆ చేతిని విసిరికొట్టింది. "నాకు ఒక్కగానొక్క కొడుకు. నీ దొంగ ఒట్టుకు వానికేమన్నయితే?"

"నేను తియ్యకపోతే వానికేమైతది వదినే?"

అయ్యో, కన్నతల్లి అంత భయపడ్డాక ఇంకేం మిగిలింది? ప్రమాణం మధ్యలోనే ఆగింది, దొంగతనం రుజువైనట్టే అయింది.

"రేపటి సంది మందకు రాకు," అన్నాడు చెన్నయ్య.

సోమన్న మొలతాడు విప్పి తాళం చెవి తీశాడు. దాన్ని కీబోర్డు పక్కన పెట్టి, కర్రను గోడకు ఆనించాడు. అది చూసి రాజేశ్ ఆపుకోలేకపోయాడు. మోచేతుల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

వెళ్లబోతున్న సోమన్న ఆగి వెనక్కి తిరిగాడు.

"ఏడువకు బిడ్డా. నీకు శాతనైనంత జేసినవ్. అది తెరుసుకోకపోతే నువ్వేం జేస్తవు?"

భార్యాభర్తలిద్దరూ వాకిలి దాటారు. పెద్దమనిషి చాయ్ తాగి వెళ్లిపోయాడు. చెన్నయ్య కొత్త మనిషిని వెతకడానికి బయల్దేరాడు.

రాజేశ్ గది తలుపు గడియ వేసి, తెల్లవారుజామున తానే మార్చిన పాస్‌వర్డ్ కొట్టగానే డబ్బా తెరుచుకుని, మొక్కు పొట్టేలును చెవి పట్టి ఆటోలోకి ఎక్కిస్తున్న తన ముఖాన్నే తనకు చూపించింది.