మాత్రల పందెం

"ఒకటి... రెండు... మూడు!"

ఈరప్ప, ఫకీరప్ప ఒకేసారి మాత్రలు నోట్లో వేసుకుని గటగటా నీళ్లు తాగారు.

"ఈరప్పే గెలిచాడు!" మిర్చి బజ్జీల బండి చుట్టూ ఒకటే ఈలలు.

ధార్వాడ బస్టాండు ముందు రోజూ సాయంత్రం ఇదే సందడి.

"షుగరు మాత్ర మింగడానికి ఇంట్లో నీళ్లు లేవా ఈ ముసలోడికి? బస్సెక్కి రావాలా?" బజ్జీలు వేస్తూ ఈరప్ప తల్లి నీలవ్వ సణిగింది.

"మీ నీళ్లు తియ్యగా ఉంటాయి చెల్లెమ్మా!" ఫకీరప్ప నవ్వాడు.

ఈరప్ప మానసిక ఆసుపత్రికి ఆరుసార్లు వెళ్లొచ్చాడు. కాస్త నెమ్మదించగానే, నాకేం జబ్బని మాత్రలు మానేసేవాడు. మళ్లీ చెవుల్లో గొంతులు, మళ్లీ ఆ గేటు. ఆరోసారి బయటికొచ్చి మందుల సంచి కాలవలో విసరబోతుంటే, ముక్కూమొహం తెలియని ఫకీరప్ప వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"వదులు కాకా! ఇవి మింగి ఎవడు బాగుపడ్డాడు? మళ్లీ ఆ గేటు తొక్కనివాణ్ణి ఒక్కణ్ణి చూపించు!"

"అవన్నీ నాకెందుకురా? నాది షుగరు. నాకూ మాత్రలంటే వెగటే. ఎవరు ముందు మింగుతారో, పందెమా?"

అలా మొదలైంది.

ఇవాళ్టికి ఏడాది! ఈరప్ప ఇన్నాళ్లు బయట ఉండటం ఇదే మొదలు. నీలవ్వ సంబరం పట్టలేక బజ్జీలు ఊరికే పంచింది. సణిగిన నోటితోనే, "మొదటి ప్లేటు ఆయనకే" అంది.

ఆరు గంటల బస్సు వచ్చింది. ఫకీరప్ప దిగలేదు.

ఈరప్ప ఆగలేకపోయాడు. బజ్జీలు పొట్లం కట్టుకుని, కండక్టరు చెప్పిన గుర్తులతో పరుగున వెళ్లాడు.

గుమ్మంలో ఫకీరప్ప భార్య కూర్చుని ఉంది.

"పొద్దున గుండె ఆగిపోయింది నాయనా."

ఈరప్ప పొట్లం గడప మీద పెట్టాడు. "షుగరు ఎక్కువైందా అవ్వా?"

"షుగరా! బెల్లం లేనిదే ముద్ద దిగేది కాదాయనకి. నువ్వేనా ఈరప్పవి? ఏడాది నిండింది, ఇవాళ నీకు ఇస్తానని రాత్రే తీసిపెట్టుకున్నాడు."

రేకు డబ్బా ఇచ్చింది.

మూత తీస్తే పైన మాత్రలు. తను రోజూ మింగే మాత్రలే!

కింద ఫకీరప్ప పేరుతో అదే ఆసుపత్రి డిశ్చార్జి చీటీలు, పదకొండు. ఆఖరిది ఇరవై మూడేళ్ల కిందటిది.

ఈరప్ప ఒక మాత్ర నోట్లో వేసుకున్నాడు. ఒకటి, రెండు, మూడు అనేవాళ్లు లేరు.

తను చూపించమన్న ఆ ఒక్కడు, ఏడాదిగా రోజూ ఎదురుగా కూర్చుని తన చేతిలో ఓడిపోతూనే ఉన్నాడు.